ధనుష్కోటి ఔటర్ దగ్గర

కాశీ నుంచి గంగ తెచ్చి రామేశ్వరంలో అభిషేకం చేయించడం, ధనుష్కోటిలోని సేతువు దగ్గర ఇసుక తీసుకెళ్లి ప్రయాగలో కలపడం మన ఇళ్లలో పాత ఆనవాయితీ. అందుకే రామేశ్వరం వెళ్లిన తెలుగువాళ్లు ధనుష్కోటి చూడకుండా తిరిగి రారు. దారిలో ఇసుక మధ్య మొండిగోడలు కనిపిస్తాయి. అందులో కొన్ని రైల్వే స్టేషన్‌వి.

1914లో పాంబన్ వంతెన తెరిచాక మద్రాసు బోట్ మెయిల్ ఇక్కడిదాకా వచ్చేది. దిగినవాళ్లు స్టీమరెక్కి తలైమన్నార్ చేరి, మళ్లీ రైల్లో కొలంబో పోయేవారు.

1964 డిసెంబర్ 22 అర్ధరాత్రి పాంబన్‌లో బయల్దేరిన 653 నంబరు పాసింజరు ధనుష్కోటి పొలిమేరలో ఆగింది. తుపానుకి ఔటర్ సిగ్నల్ పనిచెయ్యడం లేదు. డ్రైవరు కాసేపు చూసి, కూత వేసి బండి కదిలించాడని చెబుతారు. ఉప్పెన వచ్చి బండి మొత్తాన్ని లాక్కుపోయింది. వందమందికి పైగా ఉన్నారు, ఒక్కరూ మిగల్లేదు.

నేను స్టేషన్ మాస్టరుగా రిటైరైనవాణ్ణి. యాత్రికులు ధనుష్కోటి దారిలోని కోదండరాముడి గుడి గురించి మాట్లాడుకుంటుంటే నా మనసు ఆ సిగ్నల్ దగ్గరే ఆగిపోతుంది. అంత తుపానులోనూ గుడి నిలిచింది, స్వామి మహిమ అంటారు. సరే, మరి రైల్లోవాళ్ల మాటేమిటంటే, "వాళ్ల కర్మ సార్" అని తేల్చేస్తారు.

కర్మను నేను కాదనను. కానీ రైలు ప్రమాదం జరిగితే మా శాఖలో విచారణ ఉంటుంది. రిజిస్టర్లు తిరగేస్తారు, సాక్షుల్ని పిలుస్తారు, ఇంకోసారి జరక్కుండా చూస్తారు. కర్మ అని తేల్చేసేవాళ్ల దగ్గర ఏ రిజిస్టరుంది? కర్మ గతి అంతుచిక్కనిదని గీత నాలుగో అధ్యాయంలో కృష్ణుడే అన్నాడు. నా కష్టాన్ని నా కర్మ అని నేననుకుంటే ఓర్పు. పక్కవాడి చావుకి ఆ మాటే అంటే తీర్పు, అదీ సాక్ష్యం లేని తీర్పు. చచ్చిపోయినవాళ్లు అప్పీలు కూడా చేసుకోలేరు.

ఆ తుపానుకి దెబ్బతిన్న పాంబన్ వంతెనను రైల్వే ఇంజనీరు శ్రీధరన్ గారి బృందం 46 రోజుల్లో మళ్లీ నిలబెట్టింది. అదీ నాకు తెలిసిన కర్మ. ధనుష్కోటి లైను మాత్రం మళ్లీ వెయ్యలేదు.

ఆ రైల్లోవాళ్ల కోసం మనం చేయగలిగిందీ ఒకటుంది. తర్పణాల చివర, నా అన్నవాళ్లెవరూ లేనివాళ్ల కోసం కూడా దర్భలతో నీళ్లు వదిలే మంత్రం ఉంది. తొందరలో చాలామంది దాన్ని దాటేస్తారు. మీరు సేతుస్నానానికి వెళ్తే అది కూడా చేయించమని పురోహితుణ్ణి అడగండి.