రక్తమా, పెంపకమా?

ధ్యాన భాగము: యెహెజ్కేలు 18వ అధ్యాయము



"తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?" అని మన పల్లెలలో చెప్పుకొందురు. ఒక పిల్లవాడు దొంగిలించినను, సాటివానిని కొట్టినను, "వాని తండ్రి రక్తము ఎక్కడికి పోవును?" అని తీర్పు చెప్పివేయుదుము. ఇది న్యాయమేనా?

తన్నుతానే హెచ్చించుకొను అహంభావము, ఇతరులను పావులవలె వాడుకొను కపటము, జాలి యెరుగని కాఠిన్యము - ఈ మూడింటికి శాస్త్రజ్ఞులు 2002లో "చీకటి త్రయము" అని పేరు పెట్టిరి. కవలలను పరీక్షింపగా ఇట్టి గుణములు కొంత పుట్టుకవలనను, కొంత పెరిగిన పరిస్థితులవలనను కలుగునని తెలిసినది.

న్యూజీలాండులోని డునెడిన్ పట్టణమున 1972, 1973 సంవత్సరములలో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లలను పెద్దవారగువరకు గమనించిరి. వారిలోని మగవారిని గూర్చి 2002లో ఒక సంగతి వెల్లడియైనది. మెదడులోని కొన్ని రసాయనములను విరుగగొట్టు ఎంజైము కొందరిలో పుట్టుకతోనే మందముగా పనిచేయును. అట్టివారు చిన్ననాట హింసకు గురియైనచో, పెద్దవారై దౌర్జన్యమునకు దిగుట ఎక్కువగా కనబడెను. హింస లేక పెరిగినవారిలో ఆ పుట్టుక మాత్రమే కీడు చేసినట్లు కనబడలేదు. తరువాతి పరిశోధనలన్నియు దీనిని సమానముగా బలపరచలేదు గనుక ఒక్క జన్యువుమీద భారమంతయు మోపరాదు.

మన సామెతను మరల తలంచుడి. దూడ తల్లి వెంట నడచియే చేలోనికి పోయెను గదా! దానికి నేర్పినది రక్తమో, అడుగుజాడయో సామెత చెప్పదు.

యూదా రాజులను చూడుడి. దుష్టుడైన ఆహాజునకు భక్తిపరుడైన హిజ్కియా పుట్టెను. హిజ్కియాకు మనష్షే పుట్టి దేశమును చెడగొట్టెను. ఆ మనష్షే మనుమడే యోషీయా; అతడు దేవాలయమును బాగుచేయించెను. రక్తము ఒకటే, నడతలు వేరు. అందుకే తండ్రి దోషమును కుమారుడు మోయడనియు, దుష్టుడును మరలుకొని బ్రదుకవచ్చుననియు యెహెజ్కేలు ప్రకటించెను.

అయితే అందరి పోరాటము సమానము కాదు. పుట్టుకతో కోపము తక్కువగలవాడు తన శాంతమును గూర్చి అతిశయింపరాదు. కోపిష్ఠియై పుట్టి చేయి ఆపుకొన్నవాడే ఎక్కువ పోరాడినవాడు.

మీ వీధిలో త్రాగుబోతు ఇంట పుట్టిన బిడ్డ యున్నాడా? వానికి పేరు పెట్టకుడి, బెత్తమెత్తకుడి. ఆదివారపు బడిలో మీ బిడ్డ ప్రక్కనే కూర్చుండబెట్టుడి. వాని పుట్టుకను మనము మార్చలేము. వాడు పెరుగు వీధి మాత్రము మన చేతిలోనే యున్నది.