పరదేశపు అడవిలో తొలి వేట

ఆకలి తీర్చుకోవడానికీ కాక, పంటనూ పశువునూ కాపాడుకోవడానికీ కాక, పెద్ద మృగాన్ని వేటాడిన అనుభవం కోసమే సముద్రం దాటి ఆఫ్రికాకు వెళ్లి, రుసుము కట్టి, సింహాన్నో అడవిదున్ననో చంపి రావడం ధర్మదృష్టిలో ఎటువంటి పని అన్న ప్రశ్నను ‘జీవహింస మహాపాపం’ అని ఒక్క ముక్కలో తేల్చివేయడం తేలికే గాని, ఆ జవాబు నిలవదు. కృష్ణగిరి జిల్లా కుందారపల్లి వారపు సంతలో పండుగలకు ముందు మేకల బేరాలు ఎంత జోరుగా సాగుతాయో, కొనేవాడు మేకపోతు వెన్ను నొక్కి, నడుము పట్టి ఎత్తి, ఎన్ని కిలోల కూర పడుతుందో చేతి అంచనాతోనే ఎలా తేలుస్తాడో చూసినవారికి, మాంసం తినే సమాజం వేటగాణ్ణి కేవలం ప్రాణం తీసినందుకు తప్పుపట్టలేదని వేరే చెప్పనక్కరలేదు. తప్పంటూ ఉంటే అది మరెక్కడో ఉండాలి.

వేటకు సంస్కృతంలో మృగయ అని పేరు. మనుస్మృతి ఏడో అధ్యాయం దాన్ని రాజుకు కలిగే కామజ వ్యసనాలలో, అంటే సుఖాపేక్షలో పుట్టి మనిషిని లొంగదీసుకునే అలవాట్లలో, మొట్టమొదట పేర్కొని, మద్యం, జూదం, స్త్రీలోలత్వాలతో పాటు మిక్కిలి చెడ్డవైన నాలుగింటిలో చేర్చింది. కౌటిల్యుడు మాత్రం అర్థశాస్త్రం ఎనిమిదో అధికరణంలో, జూదం కంటె వేట చెడ్డదన్న పూర్వాచార్యుడు పిశునుడి వాదాన్ని తోసిపుచ్చి, వేటవల్ల వ్యాయామం కలుగుతుందనీ, కఫమూ పిత్తమూ కొవ్వూ తగ్గుతాయనీ, నిలిచిన గురినీ కదిలే గురినీ కొట్టే నేర్పు అలవడుతుందనీ, మృగాల మనోభావాలు తెలుస్తాయనీ దాని మేళ్లు ఏకరువు పెట్టాడు. (నేటి సఫారీ సంస్థల ప్రచారంలో ఇంతకంటె కొత్త సంగతి దొరకడం కష్టం.) ఆ మేళ్లన్నీ వేటగాడివే. మృగానికి గాని, ఆ అడవిని ఆనుకుని బతికేవారికి గాని అందులో దక్కేదేమీ కనిపించదు.

అశోకుడి శాసనాలు ఇంతకంటె సూక్ష్మమైన భేదాన్ని పట్టిస్తాయి. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా చెక్కిన ఆయన పద్నాలుగు శిలాశాసనాలలో ఎనిమిదోది, పూర్వపు రాజులు వేటతో కూడిన విహారయాత్రలు చేసేవారనీ, తాను పట్టాభిషిక్తుడైన పదేళ్లకు సంబోధికి, అంటే బుద్ధుడికి జ్ఞానోదయమైన చోటికి వెళ్లి, అక్కడినుంచి ధర్మయాత్రలకు మళ్లాననీ చెబుతుంది. మొదటి శాసనమేమో, రాజు వంటశాలలో ఇంకా రెండు నెమళ్లూ ఒక జింకా కూరకు పోతున్నాయనీ, ఆ జింక కూడా నిత్యం కాదనీ, మునుముందు ఇవీ ఆగిపోతాయనీ దాచకుండా ఒప్పుకుంటుంది. వంటింటి హింస పూర్తిగా ఆగకముందే ఆ చక్రవర్తి వినోదపు హింసను వదిలాడన్నమాట. జైనులు ఈ భేదాన్నే శాస్త్రంగా మలిచి, ఇంటిపనుల్లో జరిగేది ఆరంభ హింస, బతుకుతెరువులో జరిగేది ఉద్యోగ హింస, ఆత్మరక్షణలో జరిగేది విరోధి హింస, కావాలని పూనుకుని చేసేది సంకల్ప హింస అని నాలుగు విధాలుగా విడదీసి, గృహస్థుకు మొదటి మూడింటిలో కొంత సడలింపు ఇచ్చి, నాలుగోదాన్ని పూర్తిగా నిషేధించారు. మహాభారతంలో మిథిలా నగరపు ధర్మవ్యాధుడు మాంసం అమ్ముతూనే కౌశికుడికి ధర్మం బోధించగలిగినా, శ్రీకాళహస్తి కథలో తిన్నడు వేటాడిన మాంసమే శివుడికి నివేదించి కన్నప్పగా పూజలందుకున్నా, వారి చేతిలోని కత్తికీ వింటికీ వెనక కులవృత్తో, ఇంటి ఆకలో, భక్తో ఉంది. విహారం లేదు.

హోసూరు, డెంకణికోట సీమకు ఇది పుస్తకాల చర్చ మాత్రమే కాదు. కృష్ణగిరి ప్రాంతంలో కనిపించే వీరగల్లులలో, అంటే పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన శిలలలో, పులితో తలపడిన మనిషి బొమ్మ ఉన్నవీ ఉన్నాయి. అక్కడ చంపబోయినవాడు తన ప్రాణాన్నీ పణంగా పెట్టాడు. ఇరవయ్యో శతాబ్దంలో ఇవే అడవులు తుపాకీ దొరలకు విహారభూములయ్యాయి. బొల్లారంలో 1910లో పుట్టి బెంగళూరులో స్థిరపడిన కెన్నెత్ ఆండర్సన్ 1954 నాటి తన పుస్తకంలో ఈ సీమలోని జవళగిరి నరభక్షక పులి వేటను వర్ణించాడు. పులి మనిషి మాంసానికి మరగడానికి తరచు పాత గాయమే కారణమనీ, ఆ గాయం అజాగ్రత్తగా పేల్చిన తూటాది కావచ్చనీ 1944లోనే నరభక్షక పులుల వేటగాడు జిమ్ కార్బెట్ రాశాడు. తొలిసారి పెద్ద మృగం ఎదుట తుపాకీ ఎత్తినవాడి చెయ్యి వణికితే, ఆ వణుకు ఫలితాన్ని అనుభవించేది అతను సామాను సర్దుకుని వెళ్లిపోయాక కట్టెలకు అడవి దారి పట్టే పల్లెవాసి. 1970లో పులివేట దేశమంతటా నిషిద్ధమయ్యేదాకా విదేశీయులు డబ్బు కట్టి ఇక్కడ పులులను కాల్చేవారు గనుక, పరదేశపు వేట అంటే ఏమిటో వేటభూమి వైపు నుంచి భారతదేశానికి బాగా తెలుసు.

ఆఫ్రికాలో నేడు అతిథి వెంట అనుమతి పొందిన వృత్తివేటగాడు నడుస్తాడు, మృగం గాయపడి పొదల్లో దూరితే వెతికి ముగించే బాధ్యత కూడా అతనే మోస్తాడు. దానివల్ల ప్రమాదం తగ్గుతుంది, నిజమే. కాని వేటను శౌర్యమనిపించిన ఆ ఒక్క గుణమూ దానితోనే పోతుంది. వేట సొమ్ముతో మృగజాతి బతుకుతుందన్న వాదం ఇంతకంటె గట్టిది. నమీబియా 1996లో చట్టం సవరించి, ఉమ్మడి భూముల్లోని పల్లెలకు వన్యప్రాణులపై హక్కులిచ్చినందువల్ల, వేట రుసుమూ మాంసమూ పల్లెవారికి అందుతున్నాయి. కెన్యా 1977లోనే వేటను నిషేధించింది. బోట్స్వానా 2014లో ఆపి 2019లో మళ్లీ అనుమతించింది. ఏ దారి మేలన్నది ఆ నేల మీద బతికేవారు తేల్చుకోవలసిన మాట, వారు వేటనే ఎంచుకుంటే బయటివారు వేలెత్తి చూపడం తగదు. అయితే అమ్మేవాడి అవసరం కొనేవాడి కోరికకు పుణ్యం కట్టబెట్టదు. పల్లెకు మేలు చేయడమే అతని ఉద్దేశమైతే ఆ డబ్బు తుపాకీ లేకుండానే ఇవ్వవచ్చు. అతను డబ్బిచ్చి కొన్నది చంపే అనుభవాన్ని, అంటే జైనులు నాలుగోదిగా చెప్పిన సంకల్పాన్నే.

రాగి కోతల కాలంలో బన్నేరుఘట్ట అడవుల వైపు నుంచి హోసూరు చుట్టుపక్కలకు ఏనుగుల గుంపులు దిగినప్పుడు, మంచె మీద టార్చిలైటూ టపాకాయలూ పెట్టుకుని రాత్రంతా కాపు కాసే రైతుకు, తన చేనిని తొక్కిన ఏనుగును కాల్చే హక్కును 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇవ్వలేదు. అతను తెల్లారాక అటవీశాఖకు నష్టపరిహారం అర్జీ పెట్టుకోవాలి. మృగంతో పొత్తు తప్పనివాడు ఇంత ఓర్చుకుంటుండగా, దానివల్ల ఒక్క వెన్నూ పోగొట్టుకోని ప్రయాణికుడు మరో దేశంలో దాని ప్రాణాన్ని వెలకట్టి తీయడానికి చట్టం అనుమతి ఇస్తే ఇవ్వవచ్చు గాని, మనువు లెక్కలోనైనా, ఎర్రగుడి బండ లెక్కలోనైనా అది వ్యసనమే.