ఎక్కడ నేర్చుకున్నరు సార్?

ఒక అబద్ధం గురించి రాస్తున్న. చిన్నదే. స్టాఫ్ రూంలో చాయ్ తాగుతూ ఒక్క మాటలో చెప్పిన. ఎవరికీ నష్టం కాలేదు, ఎవరి పైసలూ పోలేదు. అయినా ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనియ్యలేదు. ఎందుకో ఈ పుస్తకం చదివే అన్నలకు, అక్కలకు, చదువుకుంటున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పుకోవాలె.

నేను సర్కారు బడి పంతులును. హైస్కూల్ పిల్లలకు సోషల్ చెప్త. 2017 టీఆర్టీ రాసి 2019లో నౌకరిలో చేరిన. మా ఇంట్ల డిగ్రీ పట్టా తెచ్చిన మొదటి మనిషిని నేనే. మా తాత లందల తోళ్ళు పదును చేసిండు. మా నాయిన చెప్పులు కుట్టిండు. జనం ప్లాస్టిక్ చెప్పులకు మళ్ళినంక బస్టాండు కాడ కూసొని తెగినయి అతికిండు. నేను పది పాసైన రోజు నా చేతిలకెల్లి ఆరె గుంజుకొని, 'ఇగ ఇది నువ్వు ముట్టొద్దు కొడుకా' అన్నడు. ముట్టలేదు. పదిహేనేండ్లకు పైగా ముట్టలేదు.

2020ల కరోనా వచ్చి బడులు మూసిన్రు. బస్టాండు కాడ నాయిన డబ్బా కూడా మూతబడ్డది. అంతకుముందెప్పుడో జుమ్మేరాత్ బజార్ల రెండు వందలకు కొన్న పాత తోలు సంచి ఒకటి అటక మీద ఉండె. తీసి చూస్తే తెల్లగ బూజు పట్టి ఉంది. ఏం తోచక బకీట్ల నీళ్ళు తెచ్చి, సర్ఫు వేసి రుద్దబోయిన. అరుగు మీద కూసున్న నాయిన లేచొచ్చిండు.

'ఆగు. దాన్ని సంపుతున్నవ్' అన్నడు.

అట్లా మొదలైంది. తోలు ముట్టొద్దన్న మనిషే నాకు తోలు పని నేర్పిండు. పని పాడవుతుంటే చూడలేక నేర్పిండు.

ఆ పని ఎట్లుంటదో కొంచెం చెప్పాలె. ముందు సంచి ఖాళీ చేసి, లోపలి బట్ట బయటికి లాగి దులపాలె. బూజు ఉంటే ఇంట్ల కాదు, వాకిట్ల దులపాలె. ఆ పొడి పక్క తోలు మీద పడితే అక్కడా మొలుస్తది. మెత్తటి బ్రష్‌తో తుడిచినంక స్పిరిటు సగం, నీళ్ళు సగం కలిపి, గుడ్డ ముంచి, గట్టిగ పిండి, ఆ చెమ్మతోనే తుడవాలె. ఏది రాసినా ముందు అడుగున, కనపడని మూలన రాసి చూడాలె. రంగు గుడ్డకు వస్తే అక్కడే ఆపాలె. మురికికి సర్ఫు పనికిరాదు. గుర్రపు జీన్లకు వాడే సబ్బు ఉంటది, దాని నురగ చాలు. తర్వాత లోపల పాత నూలు బట్టలు కూరి, ఆకారం నిలబెట్టి, నీడన ఆరబెట్టాలె. ఎండల పెడితే తోలు ముడుచుకొని పగుల్తది. ఆరినంక నూనె, బటాణీ గింజంత. నాయిన కాలంల చెప్పులకు ఆముదం పట్టించేది. నేను డబ్బాల దొరికే క్రీము రాస్త. ఎక్కువ తాగిస్తే తోలు నల్లబడి, సత్తువ పోయి వేలాడుతది.

అన్నిటికంటె కష్టం కుట్టు. పాత బెజ్జాల్లోనే కుట్టాలె, కొత్త బెజ్జం పొడవొద్దు. బట్టల సూది పోతే పోగులు మళ్ళ దగ్గరికి వస్తయి. తోలుల బెజ్జం పడితే పడ్డట్టే. 'తోలుకు గాయం మానదురా' అంటడు నాయిన. మైనం రుద్దిన దారం ఒక్కటే, రెండు కొసలకు రెండు సూదులు. ఒకే బెజ్జంల ఒక సూది ఇటునుంచి, ఒకటి అటునుంచి. మిషన్ కుట్టు ఒక్కకాడ తెగితే వరుసంతా ఊడొస్తది. ఈ కుట్టు ఒక్కటి తెగినా పక్కది పట్టుకొనే ఉంటది. ఆ కుట్టుకు నా చెయ్యి ఇంకా తిరగలేదు. మా ఇంట్ల సంచి బాగైందంటే తుడుపు నాది, కుట్టు నాయినది.

నా భుజం మీది సంచి చూసి మా బడిలో ఒక మేడం ఆశపడ్డది. మర్నాడు ఒక పాత హ్యాండ్‌బ్యాగు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది.

'మా అమ్మది సార్. లెక్చరర్‌గా చేరినప్పుడు మొదటి జీతంతో కొనుక్కుందట. అమ్మ పోయి మూడేళ్ళయింది. పారేయడానికి మనసు రావడం లేదు. ఏమైనా చేయగలరా?' అన్నది.

గోధుమరంగు సంచి. యాభై ఏండ్లది. బీరువాల వానాకాలాలన్నీ గడిపి బూజు పట్టింది. ఇత్తడి బకులుకు చిలుము ఎక్కింది. పట్టు ఒక పక్క ఊడి వేలాడుతుంది. కాని పట్టు మధ్యల, చెయ్యి పడే చోట, తోలు నున్నగ నల్లగ మెరుస్తుంది. ఆ తల్లి చెయ్యి పట్టీ పట్టీ వచ్చిన మెరుపు. మేడం వేలితో ఆ చోటు తడిమి, 'ఇది మాత్రం చెరిపేయకండి సార్' అన్నది. నా గొంతు కూడా పట్టినట్టయింది. దాన్ని నేను చెరపలేదు.

ఇంట్ల నాయిన ఊడిన అంచు దీపం కాడ పెట్టి చూసిండు. రసాయనంతో పదును చేసిన తోలు తెగిన కాడ నీలం బూడిదరంగు కనపడుతదని, చెట్టు చెక్కతో చేసింది లోపలిదాకా గోధుమరంగే ఉంటదని నాకు ఆ రోజే తెలిసింది. 'ఇది చెక్క తోలు' అన్నడు. మా తాత లందల నానబెట్టింది తంగేడు చెక్క, కరక్కాయ. మద్రాసు నుంచి తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్ళు ఇంగ్రేజు కాలంల 'ఈస్టిండియా' తోళ్ళన్న పేరుతో లండన్‌కు ఓడలకెక్కేవి. పాత సామాను ప్రేమించే దొరలు ఇవ్వాళ ముద్దుచేస్తున్న సంచుల్లో, పుస్తకాల అట్టల్లో మన తంగేడు ఎంత దాగి ఉందో! ఆ తంగేడు పువ్వు మా ఊర్ల బతుకమ్మ మీదికి ఎక్కుతది. తెలంగాణ వచ్చినంక రాష్ట్ర పుష్పం కూడా అయింది. చెక్క మాత్రం లందలకు దిగింది. పువ్వుకు మొక్కిన చేతులు చెక్క నానబెట్టిన చేతులను దూరం పెట్టినయి. చెట్టు ఒక్కటే.

నాలుగు రాత్రులు పట్టింది. పట్టు నాయినే కుట్టిండు. పైసలెంతని మేడం అడిగితే నేను వద్దన్న. ఇంటికొచ్చి చెప్తే నాయిన మొఖం మారింది.

'ఎందుకొద్దన్నవ్? మీ తాత మోటలకు తొండాలు కుట్టిండు, వార్లు కోసిండు, దొరకు కిర్రు చెప్పులు చేసిండు. కల్లం కాడ వాళ్ళు ఇసిరిందే కూలి. ఊకె చేస్తే ఎట్టి అంటరు బిడ్డా. ఎనిమిది వందలు అడుగు.'

అడిగిన. ఇచ్చింది. సంచి చేతిలకు తీసుకొని ఆమె కండ్లనీళ్ళు పెట్టుకుంది. తర్వాత చాయ్ గ్లాసు నా ముందు పెడుతూ అడిగింది.

'ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నరు సార్?'

'యూట్యూబ్‌ల చూసి మేడం' అన్న.

ఇదీ ఆ అబద్ధం.

నేను ఎస్సీనని ఆమెకు తెలుసు. బడిలో అందరికీ తెలుసు. కాని ఎస్సీ అన్న రెండక్షరాల్లో తోలు వాసన రాదు. 'మా నాయిన నేర్పిండు' అంటే వస్తది. ఆ వాసన ఆపడానికి నా నాలుక నా కంటె ముందు ఉరికింది.

ఆ రాత్రి ఆలోచన ఇట్లా సాగింది. ఆమె తన తల్లి చేతి మెరుపును ఒక సంచిలో దాచుకుంది, పదిమందికి చూపించుకుంది. అదే సంచిలో నా తండ్రి చేతి కుట్టు ఉంది. దాన్ని నేనూ దాచిన. ఆమె దాచుకున్నది పోకుండ, నేను దాచింది కనపడకుండ. ఒకే సంచి, ఒకే తోలు. తప్పు తోలుదా, నాదా, మమ్మల్నిట్లా నిలబెట్టినోళ్ళదా?

మనలో రెండు మాటలున్నయి. ఒకటి, ఆ పని ఇడిసిపెట్టు. 1927ల మహాడ్‌ల అంబేడ్కర్ చచ్చిన గొడ్డు మాంసం తినుడు మానుమన్నడు. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకులను కట్టి కొట్టినంక, అక్కడి దళితులు 'మీ గొడ్లను మీరే తీసుకోండి' అని కళేబరాలు తెచ్చి కలెక్టరాఫీసు ముందు వేసిన్రు. నాయిన నా చేతిలకెల్లి ఆరె గుంజుకున్నది ఈ దారిలోనే. అది గుంజుకోకపోతే నేను పంతులును కాను, ఈ వ్యాసం రాయను.

రెండో మాట, ఇది మాది, తల ఎత్తి చెప్పుదాం. 1994ల ఈదుమూడిలో దండోరా మొదలైనప్పుడు నేను చిన్న పిల్లగాన్ని. పేరు పక్కన మాదిగ అని రాసుకున్న అన్నలను చూసి పెరిగిన. ఊరోళ్ళ సావులకు కొట్టిన డప్పు మన సభల్లో మన కోసం మోగింది.

మూడో మాట ఒకటుంది, అది మనది కాదు. 'మీ చేతుల్లో ఎంత కళ ఉందండీ, పోగొట్టుకోకండి' అంటరు పెద్దమనుషులు. వాళ్ళ కొడుకును లంద కాడికి మాత్రం పంపరు. కళను పొగిడి మనిషిని అక్కడే కట్టేసే మాట అది. దాంతోటి జాగర్త.

ఇడిసిపెట్టుడు, తల ఎత్తి చెప్పుడు రెండూ నిజమైనప్పుడు మనిషి ఎట్లా నడవాలె? నాకు తట్టింది చెప్త. పని మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు దొరకదు. మూడు సంగతులు అడగాలె. ఈ పని నేను రేపు మానేస్తే నన్ను కొట్టేటోడున్నడా? దీని ధర నేను చెప్తున్ననా, వాళ్ళు ఇసురుతున్నరా? ఎవరు నేర్పిన్రో నోరు తెరిచి చెప్పగలనా?

మా తాతకు మొదటి రెండూ లేవు. మానలేడు, ధర చెప్పలేడు. అందుకే అదే పని ఆయన చేతిల సంకెల, నా చేతిల నైపుణ్యం. రేపు ఈ పని మానేసినా నా జీతం ఆగదు. ధర చెప్పే ధైర్యం నాయిన ఇచ్చిండు. మూడోదాని కాడ నేనే ఓడిపోయిన. తాత గుంజలేని సంకెల నాయిన గుంజిండు. నేను దాన్ని నాలుకకు తగిలించుకున్న. సిగ్గు మనలో పుట్టింది కాదు, మనకు తగిలించింది. నిజమే. కాని దాన్ని మోస్తూ తిరగాలో వద్దో తేల్చుకోవాల్సింది నేనే. ఇంకెవరి మీదా వెయ్యలేను.

ఆ వారమే తొమ్మిదో తరగతి పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలు చూస్తున్న. ఒక పిలగాడు తండ్రి వృత్తి కాడ 'కూలి' అని రాసిండు. వాళ్ళ నాయిన బస్టాండు కాడ మా నాయిన కూసున్న చోటే కూసొని చెప్పులు కుడుతడు. నాకు తెలుసు. వాడికీ నాకు తెలుసని తెలుసు. తల దించుకొని నిలబడ్డడు. దిద్దుమని చెప్పడానికి నాకు ఏ మొఖముంది? సంతకం పెట్టి పంపిన.

మర్నాడు చాయ్ వేళకు స్టాఫ్ రూంల, అందరూ ఉన్నప్పుడే చెప్పిన. 'మేడం, మొన్న అబద్ధమాడిన. ఆ పని నాకు మా నాయిన నేర్పిండు. చెప్పులు కుట్టేటోడు. మీ సంచి పట్టు కుట్టింది కూడా ఆయనే.'

గ్లాసుల చప్పుడు ఆగింది. ఆమె 'అట్లనా సార్' అన్నది. కాసేపాగి, 'నాన్నగారికి థాంక్స్ చెప్పండి' అన్నది. మంచిగనే అన్నది. కాని ఆ వారమంతా ఆ సంచి బడికి రాలేదు. కారణం వేరే ఉండొచ్చు. నేను అడగలేదు. నా నిజం ఆమె మెప్పు కోసం చెప్పింది కాదు కనుక అడగాల్సిన పని లేదనుకున్న. అయినా రోజూ తలుపు దిక్కు చూసిన మాట వాస్తవం.

జరిగిందంతా ఇంట్ల చెప్పిన, అబద్ధంతో సహా. నాయిన చాలాసేపు ఏమీ అనలేదు. తిడుతడనుకున్న, లేకపోతే ఏడుస్తడనుకున్న. ఆరె ముక్కును గానురాయి మీద నూరుకుంటూ ఒక్కటే అడిగిండు.

'పట్టు ఊడలేదు గదా?'

'లేదు నాయినా.'

'ఊడది' అన్నడు.