ఆ మనిషి ఎవరి పేషెంటు?

గుండె వైఫల్యంతో బాధపడే మునగపాక చెరకు రైతుకు వైద్యమంటే మొదట అనకాపల్లి, తర్వాత విశాఖ. గుండెకు ఒక డాక్టరు, కిడ్నీలకు ఇంకొకరు, షుగరుకు వేరొకరు. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో మందుల షాపు ఉండనే ఉంది. ఎవరి చీటీ వారిదే. ఇన్ని గుమ్మాలు ఎక్కేది మాత్రం ఒక్కడే. ఆ ఒక్కణ్ణి నిండుగా చూస్తున్నదెవరు?

అవయవాల మొత్తమేనా మనిషి, అంతకు మించి ఏమైనా ఉందా అన్నది మన దేశంలో శతాబ్దాల వాదం. అనకాపల్లి పక్కనే శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ ఉంది. అక్కడి గుహల్లో ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు నివసించారు. బౌద్ధ గ్రంథం మిళిందపన్హలో నాగసేనుడనే భిక్షువు మిళింద రాజును రథం గురించి నిలదీస్తాడు. ఇరుసు రథమా? చక్రం రథమా? విడదీస్తూ పోతే రథమన్నది విడిగా ఎక్కడా దొరకదు. మనిషీ అంతేనంటాడు. న్యాయ దర్శనానికి చెందిన నైయాయికులు ఒప్పుకోలేదు. భాగాలకు వేరుగా ‘అవయవి’ అనే మొత్తం ఉందని పట్టుబట్టారు. వాళ్ల రుజువుల్లో ఒకటి మహా సూటి: ఒక భాగాన్ని పట్టి లాగితే మొత్తం కదిలి వస్తుంది.

గుండె వైఫల్యాన్ని చూస్తే ఆ రుజువు కళ్లకు కడుతుంది. ఒంట్లో చేరిన నీరు పోవడానికి ఫ్యూరోసెమైడ్ ఇస్తారు. ఆయాసం తగ్గుతుంది, మోతాదు మించితే కిడ్నీలు దెబ్బతింటాయి. స్పైరోనోలాక్టోన్ గుండెను కాపాడుతుంది, కిడ్నీలు బలహీనమైతే రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరుగుతుంది. షుగరుకు వాడే పయోగ్లిటజోన్ ఒంట్లో నీరు నిలుపుతుంది. షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ బిళ్ల ఉప్పునూ నీటినీ పట్టి ఉంచి, అటు గుండెనూ ఇటు కిడ్నీలనూ కుంగదీస్తుంది. ఈ లంకె మేలు కూడా చేస్తుంది. షుగరు మందుగా వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్, షుగరు లేని గుండె రోగులకు సైతం పనికొస్తుందని 2019లో తేలింది. విభాగాల హద్దులు ఆస్పత్రి బోర్డుల మీదే ఉన్నాయి.

అలాగని నాగసేనుణ్ణి పక్కన పెట్టలేం. ఊడదీసిన భాగాలు తమంతట తాము రథం కావు, కూర్చేవాడు కావాలి. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 282 మంది వృద్ధ రోగులపై జరిగిన పరిశోధన 1995లో వెలువడింది. సగం మందికి నర్సు ముందుండి, ఆహార నిపుణులను, సామాజిక కార్యకర్తలను, డాక్టర్లను కలుపుకుని సంరక్షణ చూసింది. మిగతా సగంతో పోలిస్తే, గుండె వైఫల్యంతో వాళ్లు మళ్లీ ఆస్పత్రిలో చేరడం 56 శాతం తగ్గింది. అక్కడ ఫలితం తెచ్చింది కొత్త మందు కాదు, బాధ్యత తీసుకున్న మనిషి.

చికిత్సకు చరకుడు నాలుగు పాదాలు చెప్పాడు: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. వైద్యులు ముగ్గురైనా పరిచారకుడు ఇప్పటికీ ఇంట్లో మనిషే. చీటీలన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తిరిగే భార్యో, కోడలో. ఆవకాయా ఎండుచేపలూ వద్దని పోరేదీ ఆమే. మందుల మధ్య పొత్తు కుదర్చడం కూడా ఆమె నెత్తినే వేయడం అన్యాయం. అది వైద్యుల ధర్మం. ఊరికి దగ్గరున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరో, ఫిజీషియనో ఒకరు ‘ఈయన నా పేషెంటు’ అనుకోవాలి, మిగతావారు ఏ మందు ఎందుకు మార్చారో ఆ ఒకరికి రాసి పంపాలి.

అంతవరకు ఇంటివారు కొన్ని పనులు చేయండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా చీటీలూ మందులూ అన్నీ ముందు పెట్టండి. అడగకుండా నొప్పి బిళ్ల కొనకండి. రోజూ పొద్దున్నే బరువు చూడండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆయాసం వచ్చేదాకా ఆగకుండా డాక్టరుకు చెప్పండి.