బీడీ ఇవ్వడం దయేనా?

మనసు బాగాలేని మనిషి బీడీ అడిగితే ఇవ్వడం దయా, తప్పా? ఈ ప్రశ్న నాకు పుస్తకంలో కాదు, మా ఇంట్లోనే ఎదురైంది.

మాది షోలాపూర్. ఇక్కడి చాలా తెలుగు ఇళ్లలో లాగే మా నాయనమ్మ ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చేస్తుంది. మా చిన్నాయన పవర్‌లూమ్ మీద పనిచేసేవాడు. స్కిజోఫ్రీనియా జబ్బు వచ్చాక ఇంట్లోనే ఉంటున్నాడు. ఆయనకు లేని గొంతులు వినిపిస్తాయి. మందులు వేసుకుంటాడు, బీడీ మీద బీడీ తాగుతాడు.

"తాగనియ్యి బిడ్డా, పాపం! వానికి ఇంకేం సుఖమున్నది?" అంటుంది నాయనమ్మ. నాన్నకు కోపమొస్తే కట్ట దాచేస్తాడు. నేనూ తక్కువ కాదు. "స్నానం చేస్తే రెండు బీడీలిస్తా చిన్నాయనా" అనేవాణ్ణి. పని తొందరగా అయ్యేది. అందుకే అది తప్పనిపించలేదు.

పోయిన ఏడాది ఆయన వెంట నేనూ ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరమ్మ మమ్మల్ని కాకుండా ఆయననే అడిగింది, "బీడీ మానాలని ఉందా?" అని. ఆయన చాలాసేపు నేల చూసి, "ఉన్నది. చేతనైతలేదు" అన్నాడు. ఇన్నేళ్లలో ఆ మాట ఇంట్లో ఎవ్వరమూ అడగలేదు.

ఆమె ఇంకో సంగతి చెప్పింది. పొగ తాగితే ఆయన వేసుకునే ఓలాంజపిన్ మందును కాలేయం తొందరగా అరగదీస్తుందట. పొగ ఒక్కసారిగా ఆపితే అదే మందు ఒంట్లో ఎక్కువవుతుంది. కాబట్టి డాక్టరుకు చెప్పే మానాలి. కొత్తలో చిరాకు, నిద్రలేమి వస్తాయి. మనం జబ్బు తిరగబడిందని భయపడి మళ్లీ బీడీ చేతికిస్తాం. ఇలాంటి రోగులు చాలామంది గుండె, ఊపిరితిత్తుల జబ్బులతోనే ముందుగా పోతారట.

అప్పుడు నాకు అర్థమైంది. నాయనమ్మ 'పాపం'లో "వీడింక బాగుపడడు" అనే మాట దాగి ఉంది. నాన్న కోపంలో, నా లంచంలో కూడా ఆయన మాటకు చోటు లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనసు జబ్బును ఒంటి జబ్బుతో సమానంగా చూడమంటుంది. మేము ఇంట్లోనే చూడలేదు.

మరి ఆయన "మానను" అని ఉంటే? అప్పుడు కూడా కట్ట దాచే హక్కు నాకు లేదనుకుంటాను. మళ్లీ మళ్లీ అడిగే బాధ్యత మాత్రం ఉంటుంది.

ఇప్పుడు కట్ట ఆయన దగ్గరే ఉంటుంది. డాక్టరమ్మ రాసిన నికోటిన్ గమ్ నములుతాడు. రోజూ లెక్క నా పాత నోటుబుక్కులో ఆయనే రాసుకుంటాడు. మొన్న 11, నిన్న 9. ఆ నోటుబుక్కు కొన్నది కూడా నాయనమ్మ బీడీల డబ్బుతోనే. దానికి ఏమనాలో నాకింకా తెలియదు.