హోమం వద్దన్న ఇల్లు

సరూర్‌నగర్ చెరువు వెనక కాలనీ నుంచి మృత్యుంజయ హోమం చేయించాలని కబురొస్తే వెళ్ళాను. ఇంటాయన కొత్తపేట పండ్ల మార్కెట్లో కమీషన్ ఏజెంటుగా బతికినవాడు. అర్ధరాత్రి బత్తాయి లారీలు దిగేటప్పుడు ముట్టించిన సిగరెట్ తెల్లారి వేలంపాట ముగిసేదాకా ఆరేది కాదట. ఇంటికొచ్చాక హాల్లో మళ్ళీ అదే పని. 2021లో మార్కెట్ బాటసింగారానికి తరలిపోయాక వ్యాపారం మానేశాడు, సిగరెట్టూ మానేశాడు. ఇప్పుడు సీఓపీడీ. మంచం పక్కన నెబ్యులైజర్. రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటాడు.

హాలు చూసి హోమం వద్దన్నాను. ఆ ఇరుకులో నేతి పొగ కమ్మితే ఆయన సాయంత్రానికి ఆస్పత్రిలో ఉంటాడు. మంత్రం చదివి వేసిన సమిధైనా ఊపిరితిత్తికి పొగే. జపం చేస్తానంటే ఇంటివాళ్ళు ముఖాలు చూసుకున్నారు. హోమం లేకుంటే ఫలం సగమేనని ఎవరో చెప్పారట. దక్షిణా సగమేనని మాత్రం నేననలేదు.

జపం అయ్యాక ఆయన అడిగాడు: "పంతులుగారూ, బంద్ జేసిన గదా. ఇంకెందుకు ఇడుస్తలేదు? ఏ జన్మల పాపం?"

మా శాస్త్రంలో దీనికి జవాబుంది. జ్ఞానం కలిగాక, కూడబెట్టిన కర్మ అయిన సంచితం నశిస్తుంది, ఇకపై చేసే ఆగామి అంటదు, ఫలమివ్వడం మొదలుపెట్టిన ప్రారబ్ధం మాత్రం అనుభవించే తీరాలి. తోసిన వేగం తీరేదాకా కుమ్మరి సారె తిరుగుతూనే ఉంటుందని శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో చెప్పారు. 2024లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు వెయ్యిమంది ఆరోగ్యవంతుల రక్తం పరీక్షించి ప్రకటించింది చదివితే నాకు ఈ భాష్యమే గుర్తొచ్చింది. పొగ మానితే, క్రిమి కనబడగానే చెలరేగే తొలి నిరోధం త్వరగానే దారికొస్తుందట. పాత శత్రువుల్ని గుర్తుంచుకునే రెండో నిరోధంలో మాత్రం పొగ తెచ్చిన మార్పు ఏళ్ళ తరబడి ఉంటుందట.

ఊపిరితిత్తుల్లో జరిగేది మరీ విచిత్రం. పొగకు గాలిగొట్టాల లోపలి నూగు చచ్చుబడి కళ్ళె పైకి రాదు. క్రిముల్ని మింగాల్సిన కణాలు సరిగ్గా మింగలేవు. పొగ తాగేవాళ్ళకు క్షయ ఎక్కువగా రావడానికి అదొక కారణం. సాయానికి పరుగెత్తుకొచ్చిన తెల్లకణాలు ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ వదులుతాయి. దాన్ని అదుపులో ఉంచడానికి కాలేయం పంపే ప్రొటీన్‌నూ పొగ పాడుచేస్తుంది. ఇక కంచే చేను మేసినట్టు, ఆ ఎంజైమ్ గాలితిత్తుల గోడల్నే కరిగిస్తుంది. ఇందులో శిక్షించే దేవుడు లేడు, చిత్రగుప్తుడి చిట్టా లేదు. కారణం ఈ జన్మలోనే కనబడుతుంటే గత జన్మ దాకా ఎందుకు పోవాలన్నాను. పోయిన గోడలు తిరిగిరావు గానీ, మానినందువల్ల ఊపిరి తరిగే వేగం తగ్గుతుందనీ చెప్పాను. ఆయన కొంచెం తేరుకున్నాడు.

అంతలో వంటింటి గుమ్మంలో ఆయన భార్య దగ్గింది. జన్మలో సిగరెట్ ముట్టని మనిషి. చేయని కర్మకు ఫలం రావడాన్ని అకృతాభ్యాగమం అంటారు. అది జరగదని తార్కికుల పట్టు. జరిగినట్టు కనబడితే పూర్వజన్మలో చేసే ఉంటారని సర్దేస్తారు. ఆ సర్దుబాటు ఆవిడ ముందు నా నోటికి రాలేదు. అలా అంటే, ఆ హాల్లో అన్నేళ్ళు కాల్చిన మనిషికి బాధ్యతే లేదని తీర్పిచ్చినట్టు. అయినా కాసేపటి క్రితమే నేను సంకల్పంలో సహకుటుంబస్య అన్నాను గదా! ఒకరి జపఫలం ఇంటిల్లిపాదికీ పంచడానికి మాకేమీ అడ్డురాదు. కీడు దగ్గరికొచ్చేసరికి ఎవరి కర్మ వాళ్ళదంటాం. పుణ్యం పంచుకోగలిగితే పొగా పంచుకున్నట్టే. ఈ ముక్క ఆయనతోనే అన్నాను. మాట్లాడలేదు. ఊపిరి చాలక కాదనుకుంటాను.

ఆవిడ నా దగ్గరికొచ్చి, "నాక్కూడ ఏమన్న జపం చెప్తరా పంతులుగారూ?" అంది.

చెప్తానమ్మా, ముందు ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రిలో ఊదే పరీక్ష చేయించుకోమన్నాను. విక్టోరియా మెమోరియల్ స్టేషన్లో మెట్రో ఎక్కితే నేరుగా ఎర్రగడ్డలోనే దిగొచ్చు, రైలు మారే పని లేదు.