తేనెలో స్వస్థత ఉంది, దానికో కొలతా ఉంది



దివ్య ఖుర్ఆన్‌లో పదహారవ సూరా పేరు ‘అన్ నహ్ల్’, అంటే తేనెటీగ. అందులో 66 నుంచి 69 వరకు ఉన్న ఆయతులు తెరిచి చూడండి. ముందు పాల ప్రస్తావన వస్తుంది. పశువు కడుపులో పేడకూ రక్తానికీ నడుమ నుంచి స్వచ్ఛమైన పాలు మనకు అందుతున్నాయని అల్లాహ్ గుర్తుచేస్తాడు. ఆ వెంటనే ఖర్జూరం, ద్రాక్ష. ఆ తర్వాత తేనె. వీటిలో ‘స్వస్థత’ అన్న మాట తేనె గురించే వచ్చింది. ఆ మాటను పట్టుకునే మనలో కొందరు పొరబడుతున్నారు.

ధార్మిక సోదర సోదరీమణులారా! రమజాన్‌లో మన దస్తర్‌ఖాన్ దగ్గర జరిగేది మీకు తెలియనిది కాదు. షుగర్ వ్యాధి ఉన్న పెద్దవారు ఏడెనిమిది ఖర్జూరాలు తిని, పైన తేనె షర్బత్ తాగుతారు. వద్దంటే, “ఇది సున్నత్ బేటా, సున్నత్‌తో నష్టం జరుగుతుందా?” అంటారు. వారి విశ్వాసం గొప్పదే, లెక్కే తప్పు. ఒక పెద్ద మెద్జూల్ ఖర్జూరంలో సుమారు 16 గ్రాముల చక్కెర ఉంటుంది. ఒక పెద్ద చెంచా తేనెలోనూ దాదాపు అంతే. అది చెట్టు నుంచి వచ్చిందా, కార్ఖానా నుంచి వచ్చిందా అని రక్తం అడగదు.

మరి ఆయతు మాటేమిటి? ఇమామ్ ఇబ్నె కసీర్ (రహ్మలై) తన తఫ్సీర్‌లో ఒక సూక్ష్మమైన విషయం ప్రస్తావించారు. అక్కడ ‘షిఫా’ అన్న పదం ‘అల్’ లేకుండా వచ్చింది. కనుక తేనెలో స్వస్థత ఉందన్నది నిజమే గానీ, అది ప్రతి రోగానికీ మందని అర్థం కాదు. మదర్సాలో నహూ చదివిన పిల్లవాడికి కూడా ఈ తేడా తెలుస్తుంది.

షుగర్ ఉన్నవారు ఒక చిన్న ఖర్జూరంతో, నీళ్ళతో ఇఫ్తార్ చేసినా సున్నత్ నెరవేరుతుంది. ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారికి ఉపవాసంలో షుగర్ 70 కంటే దిగితే రోజా విరమించాలని వైద్యులు చెబుతారు. రోగికి అల్లాహ్ ఆ సడలింపు ఇచ్చే ఉన్నాడు. ఆ ఘడియలో అదే ఖర్జూరం, అదే తేనె ప్రాణం నిలబెట్టే మందు అవుతాయి.

పాల సంగతి కొంచెం వేరు. 100 మిల్లీలీటర్ల ఆవు పాలలో సుమారు 5 గ్రాముల సహజ చక్కెర ఉంటుంది. దానితోపాటే మాంసకృత్తులు, కాల్షియం వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తగ్గించుకోమన్న చక్కెరల్లో తేనె, పండ్ల రసాలు ఉన్నాయి. పాలలోని చక్కెర, కొరికి తినే పండులోని చక్కెర లేవు. ఇతర ఆహారం తిన్నప్పుడు దానికంటే మేలైనది కోరుకోమనీ, పాలు తాగినప్పుడు మాత్రం అవే ఇంకా కావాలని కోరుకోమనీ దైవప్రవక్త (సఅసం) నేర్పిన దుఆ గుర్తుచేసుకోండి. అయితే నాలుగు చెంచాల పంచదార వేసిన చాయ్‌ను ఈ లెక్కలో కలపకండి! పాలు పడక కడుపుబ్బరం వచ్చేవారికి పెరుగు తేలిగ్గా అరుగుతుంది.

ఇక చాలా ముఖ్యమైన విషయం, తహ్నీక్. హజ్రత్ అస్మా (రజి) కుమారుడు అబ్దుల్లా బిన్ జుబైర్ పుట్టినప్పుడు దైవప్రవక్త (సఅసం) ఖర్జూరాన్ని నమిలి పసివాడి నోటికి అందించారు. ఖర్జూరం దొరక్కపోతే తేనె వాడవచ్చని ఉలమాలు రాశారు. కానీ తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి పసిపేగుల్లో విషం తయారుచేస్తుందన్న సంగతి వారి కాలంలో ఎవరికీ తెలియదు. ఈ జబ్బును వైద్యులు గుర్తించినదే 1976లో. మలబద్ధకం, పాలు చప్పరించలేకపోవడం, ఏడుపు సన్నబడటం దాని లక్షణాలు. చివరికి ఊపిరే ఆగిపోవచ్చు. అందుకే ఏడాది నిండేవరకు బిడ్డ నాలుకపై ఒక్క చుక్క తేనె కూడా రాయకండి, నానీమా ఎంత పట్టుబట్టినా సరే. శుభ్రమైన చేతితో మెత్తటి ఖర్జూరాన్ని చిగురుకు రవ్వంత తాకించి, వెంటనే బిడ్డను తల్లి ముర్రుపాలకు అందించండి.